అనపకాయలు వొలుస్తూ చెప్పిన మాట

నా ఉద్యోగం పోయిన సంగతి మా ఇంట్లో అందరికంటే ముందు తెలిసింది మా అవ్వకి. హెచ్.ఆర్. పంపిన మెయిల్ చదివేంత ఇంగ్లిష్ ఆమెకు రాదు. నేనే చెప్పా. అప్పుడు నా ముందు ల్యాప్‌టాప్ లేదు, చాట నిండా అనపకాయలున్నాయి.

మొదటి నుంచి చెప్తా.

మాది పుంగనూరు దగ్గర ఒక పల్లె. నాన్న టమాటా రైతు. పండిన పంటంతా మదనపల్లె మార్కెట్‌కే పోతుంది. మేనత్తది కుప్పం. ఆమె ఉందన్న ధైర్యంతోనే నన్ను అక్కడ ఇంజినీరింగ్‌లో చేర్పించారు. నాలుగేళ్లు హాస్టల్, ఆదివారం అత్త ఇల్లు. తరవాత అందరిలాగే బెంగళూరు. ఆరేళ్లుగా సాఫ్ట్‌వేర్. ఇంటి పైన వేసిన రెండు గదుల లోన్, చెల్లి నర్సింగ్ ఫీజు, అవ్వ బీపీ మాత్రలు అన్నీ నా జీతంలోంచే నడుస్తున్నాయి. ఇది గొప్పకి చెప్పట్లేదు. ఆ జీతం ఆగిపోయిందని చెప్పడానికి నోరు ఎందుకు రాలేదో మీకు అర్థం కావాలని చెప్తున్నా.

కథలో ఇంకో వంటకం ఉంది. బేక్డ్ బీన్స్ విత్ బేకన్. దాని గురించి చెప్పకుండా అనపకాయల దగ్గరికి వెళ్లలేను.

2023లో కంపెనీ నన్ను మూడు నెలలు బోస్టన్ దగ్గరికి పంపింది. జూలై 4 వాళ్ల స్వాతంత్ర్య దినం. క్లయింట్ వైపు టీమ్ లీడ్ అందర్నీ వాళ్లింటికి పిలిచాడు. పెరట్లో బొగ్గుల మీద మాంసం కాలుతోంది. ఒక పక్క టేబుల్ మీద వాళ్లమ్మ తెచ్చిన మట్టి కుండ ఉంది. బొద్దుగా, మూతి చిన్నగా, మా ఊళ్లో పాత ఊరగాయ జాడీకి అన్నలా ఉంది. మూత తీస్తే లోపల ముదురు గోధుమ రంగులో చిక్కటి గింజల కూర.

మొదటి స్పూన్ తినగానే నా మొహం మారిపోయింది. తియ్యగా ఉంది! కూర తియ్యగా ఉండటమేంటి? మర్యాదకి రెండో స్పూన్ తిన్నా. ఈసారి పంటి కింద ఉప్పగా, పొగ వాసనతో చిన్న మాంసం ముక్క తగిలింది. అంతే, నేను బోస్టన్‌లో లేను. పుంగనూరులో, జనవరి రాత్రి, సంగటి పక్కన అవ్వ పెట్టే అనపగింజల కూరలో ఒట్టితునక తగిలినప్పుడు ఎలా ఉంటుందో, అచ్చం అలా అనిపించింది.

ఒట్టితునకలు తెలియని వాళ్లకి రెండు మాటలు. మేక మాంసాన్ని పొడుగ్గా పట్టీల్లా కోసి, ఉప్పు, పసుపు పట్టించి, దారానికి గుచ్చి మిద్దె మీద ఎండకి కడతారు. కాకులు రాకుండా పిల్లల్ని కాపలా పెడతారు. ఆ కాపలా డ్యూటీ నేనూ చేశా. బాగా ఎండాయంటే కట్టెల్లా అవుతాయి. డబ్బాలో వేసి పెట్టుకుంటే నెలల తరబడి ఉంటాయి. ఫ్రిజ్ లేని రోజుల్లో మా పల్లెల ఫ్రిజ్ అది.

బేకన్ కూడా అదే ఆలోచన. పంది పొట్ట దగ్గరి మాంసానికి ఉప్పు పట్టించి, పొగ పెడతారు. వాళ్లకి చలి, కట్టెల పొగ ఉన్నాయి. మనకి ఎండ ఉంది. రెండు చోట్లా లెక్క ఒకటే: మాంసం కొంచెం, మనుషులు ఎక్కువ. అందుకే ఆ కొంచాన్ని దాచిపెట్టి, చవగ్గా దొరికే గింజల్లో వేస్తారు. ముక్క రుచి కుండంతా పాకుతుంది. ముక్క ఎవరికి దొరికినా దొరక్కపోయినా రుచి అందరికీ వస్తుంది.

ఆ పెద్దావిడ నాకు పద్ధతంతా చెప్పింది. నేవీ బీన్స్ అనే చిన్న తెల్ల గింజలు రాత్రి నానబెట్టాలి. పొద్దున ముందు ఉడికించాలి. తరవాత ఉల్లిపాయ, బేకన్, ఆవపిండి, మొలాసిస్ వేసి, సన్నటి వేడి మీద ఆరేడు గంటలు ఓవెన్‌లో వదిలేయాలి. మొలాసిస్ అంటే చెరకు రసం కాచి పంచదార తీసేశాక మిగిలే నల్లటి పాకం. ఒకప్పుడు కరీబియన్ దీవుల్లో బానిసల చేత చేయించిన చెరకు సాగు నుంచి అది ఓడల్లో బోస్టన్ రేవుకి వచ్చేది. ఆ పాకం, ఈ గింజలు కలిసి ఆ ఊరికి 'బీన్‌టౌన్' అన్న పేరే పడిపోయింది. పాతకాలంలో అక్కడి ప్యూరిటన్లు ఆదివారం వంట చేయకూడదని శనివారమే కుండ పొయ్యిలో పెట్టేసేవాళ్లట. ఇంగ్లండ్ వాళ్లు టోస్ట్ మీద వేసుకునే డబ్బా బీన్స్ దీనికి తమ్ముడు. హెయిన్జ్ కంపెనీ లండన్‌లో అమ్మకానికి పెట్టింది. అందులో టమాటా సాస్ ఉంటుంది, బేకన్ ఉండదు.

ఆ రాత్రి అవ్వకి వీడియో కాల్ చేసి చెప్పా. ఆమె అంతా విని ఒక్కటే అడిగింది.

"బెల్లం పాకం ఏసినారా? కూరలోనా? పాపం, ఎవురూ చెప్పేవాళ్లు లేరేమో."

అదే నెలలో ఇంకోటి జరిగింది. మదనపల్లెలో టమాటా కిలో రెండొందల దగ్గరికి పోయింది. న్యూస్ చూసి ఎగిరి గంతేసి నాన్నకి ఫోన్ చేశా. ఆయన నవ్వాడు. "మన తోట మే నెల్లోనే పీకేసినా కదరా, అప్పుడు కోత కూలి కూడా రాలే" అన్నాడు. అంతే, ఇంక దాని గురించి మాట్లాడలేదు. రెండు నెలలు తిరక్కుండానే అదే టమాటా పది రూపాయల చుట్టూ తిరిగింది. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

ఇక పోయిన నవంబర్. మంగళవారం పొద్దున పదకొండుకి క్యాలెండర్‌లో 'క్విక్ సింక్' అని ఒక మీటింగ్ పడింది. పదిహేను నిమిషాలు. మేనేజర్ కెమెరా ఆన్ చేయలేదు. హెచ్.ఆర్. నుంచి ఒకమ్మాయి ముందే రాసుకున్నది చదివింది. రెండు నెలల జీతం ఇస్తారట. మధ్యాహ్నానికి మెయిల్ లాగిన్ పోయింది. ఆరేళ్లలో రాసిన కోడ్ అంతా ఇక నాకు కనిపించదు. నేను తప్పు చేసి ఉంటే తిట్టుకోవచ్చు. ఎవరో ఎక్సెల్ షీట్‌లో ఒక గీత కింద నా పేరు పడింది. దాన్ని ఎవరికని చెప్పాలి?

ఆ శనివారం నాకు బోస్టన్ కుండ గుర్తొచ్చింది. ఎందుకో తెలీదు. ఏదైనా వెచ్చగా తినాలనిపించింది. సూపర్ మార్కెట్‌కి వెళ్లి చిన్న తెల్ల రాజ్మా, ఒక ప్యాకెట్ బేకన్ తెచ్చా. మొలాసిస్ బదులు బెల్లం. రూమ్మేట్ నా కుప్పం హాస్టల్ నుంచీ ఫ్రెండ్, శుద్ధ శాకాహారి. బేకన్ వాసన తగలగానే "మామా, నేను అలా తిరిగొస్తా" అని బయటికి జారుకున్నాడు.

నానిన గింజలు, బేకన్, బెల్లం, కెచప్, ఆవపిండి అన్నీ ఒకేసారి గిన్నెలో పోసి చిన్న ఓవెన్‌లో పెట్టా. మూడు గంటలైంది. పైన రంగు బ్రహ్మాండంగా వచ్చింది. గింజ మాత్రం గులకరాయిలా ఉంది. ఇంకో గంట పెట్టా. అదే రాయి. రాత్రి పదకొండుకి ఆ తియ్యటి రాళ్లు నములుతూ ఒక్కడినే కూర్చున్నా. నాన్నకి ఫోన్ చేసి చెప్పేద్దామని మూడుసార్లు నంబర్ తీశా. మూడుసార్లూ చెయ్యలేదు.

డిసెంబర్ రెండో వారంలో ఊరికి పోయా. బెంగళూరులో అద్దె కట్టి కూర్చుని చేసేదేముంది? ఇంట్లో "వర్క్ ఫ్రమ్ హోమ్ ఇచ్చారు" అని చెప్పా. రోజూ పొద్దున తొమ్మిదిన్నరకి స్నానం చేసి, చొక్కా వేసుకుని, పై గదిలో ల్యాప్‌టాప్ తెరిచి కూర్చునేవాణ్ని. ఉద్యోగాల సైట్లలో అప్లికేషన్లు పెట్టేవాణ్ని. అమ్మ మెట్లెక్కుతున్న చప్పుడు వినపడితే హెడ్‌ఫోన్స్ పెట్టుకుని "ఎస్, ఎస్, ఐ విల్ చెక్" అనేవాణ్ని. అమ్మ కాఫీ పెట్టి పిల్లిలా వెళ్లిపోయేది. ఆమె అంత మెల్లగా నడిచి పోతుంటే చచ్చేంత సిగ్గుగా ఉండేది.

డిసెంబర్ అంటే మా వైపు అనపకాయల కాలం. రాగి చేలో సాళ్లు సాళ్లుగా అనప వేస్తారు. రాగి కోసేశాక అనప తీగ చలికి, మంచుకి పూత పట్టి కాయ దిగుతుంది. పుంగనూరు నుంచి మదనపల్లె దాకా రోడ్డు పక్క గోనెపట్టల మీద పచ్చటి కుప్పలు కనిపిస్తాయి. కాయ ముట్టుకుంటే చేతికి జిడ్డు అంటుతుంది. ఆ జిడ్డుకే వాసన. ఎంత సబ్బు పెట్టినా సాయంత్రం దాకా పోదు. మంచు బాగా పడితే వాసన ఇంకా పెరుగుతుందంటారు. కన్నడం వాళ్లు దాన్ని 'సొగడు' అంటారు. బెంగళూరులో ఉన్నవాళ్లకి అవరెబేళె మేళా తెలిసే ఉంటుంది. అక్కడ దోసె నుంచి జిలేబీ దాకా అన్నిట్లో వేసేది ఈ గింజనే.

ఒక రోజు మధ్యాహ్నం నేను పై గదిలో ఖాళీ స్క్రీన్ చూస్తూ కూర్చునుంటే కింద నుంచి అవ్వ కేక.

"అబ్బయ్యా! ఆ పెట్టి మూసేసి కిందికి రా. నాకు చేతులు నొప్పులు. నాలుగు గింజలు పితికిచ్చి పో."

వెళ్లా. నిన్న వొలిచిన గింజలు రాత్రంతా నీళ్లలో నాని ఉబ్బి ఉన్నాయి. పితకడం అంటే ఒక్కో గింజని బొటనవేలు, చూపుడువేలు మధ్య పెట్టి నొక్కాలి. తోలు వేళ్లలో మిగిలి, లోపలి పచ్చటి పప్పు టప్పుమని గిన్నెలో పడుతుంది. అదే పితికిపప్పు. రెండు కిలోల కాయ వొలిచి పితికితే చివరికి మిగిలేది చిన్న గిన్నెడు. మిక్సీతో అయ్యే పని కాదు. మనిషి కూర్చోవాలి.

అరగంట ఇద్దరం మాట్లాడలేదు. పితికేటప్పుడు ఎవరూ ఎవరి మొహం చూడరు. చూపంతా గింజ మీదే ఉంటుంది. చేతులకి పని ఉంటుంది కాబట్టి మాట లేకపోయినా ఇబ్బంది అనిపించదు. నలభై రోజులుగా అద్దం ముందు ఎన్నోసార్లు రిహార్సల్ చేసిన మాట, తల ఎత్తకుండానే నోట్లోంచి జారిపోయింది.

"అవ్వా, నా ఉద్యోగం పోయింది."

టప్. ఇంకో గింజ గిన్నెలో పడింది. ఆమె చెయ్యి ఆగలేదు.

"ఎన్నాళ్లయింది?"

"నెల పైనే."

"మరి పైన ఇంగిలీసులో ఎవురితో మాట్లాడతా వుండావు?"

"ఎవరూ లేరు. ఊరికే."

ఆమె నవ్వుతుందో ఏడుస్తుందో అని ఓరగా చూశా. రెండూ లేవు. కాసేపటికి చెప్పింది. మా నాన్న చిన్నప్పుడు వరుసగా రెండేళ్లు వానల్లేక చేను బీడు పడిందట. తాత కూలి వెతుక్కుంటూ కోలారు వైపు పోయాడట. ఆమె చింతపండు కొట్టే కూలికి పోయి, గింజలు తీసి తీసి గోళ్లు నల్లబడిపోయేవట. "ఊర్లో ఎవురికీ తెలీకూడదని తెల్లారకముందే పోయేదాన్ని. కడాకి చూస్తే అక్కడ కూచోనుండే వాళ్లంతా మన ఊరోళ్లే" అంది.

కాసేపాగి, "మీ నాయనకి నేను చెప్పను. నువ్వే చెప్పల్ల" అంది.

ఆ రాత్రి కూర ఆమె చేసింది, నేను పక్కన కూర్చుని చూశా. మీరూ చేసుకోవచ్చు, అందుకే వివరంగా రాస్తున్నా.

ఒట్టితునకలు ఒక గుప్పెడు. ముందు నిప్పుల మీద కాస్త కాల్చి, రోకలితో దంచితే పీచు పీచుగా విడిపోతాయి. వేడినీళ్లలో రెండుసార్లు కడిగి అరగంట నానబెట్టాలి, లేకపోతే ఉప్పు కషాయమే. వేరుశనగ నూనెలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకు వేయించి, ఆ తునకలు వేసి వాసన వచ్చేదాకా తిప్పాలి. నీళ్లు పోసి మెత్తబడనివ్వాలి. తరవాత పితికిపప్పు. ఇది లేతది కాబట్టి తొందరగా ఉడుకుతుంది. ధనియాలు, కొబ్బరి, గసగసాలు, వెల్లుల్లి, రెండు లవంగాలు, చిన్న చెక్క ముక్క కలిపి నూరిన ముద్ద వేసి చిక్కబడనివ్వాలి. ఉప్పు చివర్లో రుచి చూశాకే, తునకల్లో ఉప్పు ఎలాగూ ఉంటుంది.

నేను టమాటా తరిగి వెయ్యబోతే చెయ్యి పట్టుకుని ఆపింది.

"గింజ ఉడకముందే పులుపు పడితే ఇంక జన్మలో ఉడకదు రా."

అప్పుడు వెలిగింది నాకు బల్బు. బెంగళూరులో నా బేక్డ్ బీన్స్ రాళ్లయింది అందుకే. పులుపు, పాకం రెండూ గింజని గట్టిగా పట్టి ఉంచుతాయి. ముందు మెత్తగా ఉడికించి ఆ తరవాత పాకం పోస్తే, రాత్రంతా ఓవెన్‌లో ఉన్నా గింజ చితికిపోకుండా నిలబడుతుంది. ముందే పోస్తే ఉడకనే ఉడకదు. బోస్టన్ పెద్దావిడ 'ముందు ఉడికించాలి' అని చెప్పనే చెప్పింది. నేనే విన్లేదు. అవ్వ ఒక్క ముక్కలో చెప్పేసింది.

సంగటి ముద్దలో గుంట చేసి, నెయ్యి వేసి, పక్కన ఈ కూర పెట్టింది. నాన్న రెండో ముద్ద అడిగాడు. నేను ఆ రాత్రి కూడా చెప్పలేదు. ఎదురెదురుగా కూర్చుని తింటుంటే మాట గొంతు దాటలేదు. అవ్వ నన్ను చూసింది, ఏమీ అనలేదు.

మరుసటి రోజు నాన్న మదనపల్లె మార్కెట్‌కి టమాటా ఎత్తుకుపోయి తిరిగొస్తుంటే ఫోన్ చేసి ఐదు కిలోల అనపకాయలు తెమ్మంది. బండి మీద సంచి దింపుతూ నాన్న గొణిగాడు.

"ఇన్ని ఎందుకమ్మా? నిన్ననే కదా తిన్నాం."

"కుప్పంలో నీ చెల్లెలికి పంపల్ల. నువ్వు కూచోని వొలుచు. నాకు చేతులు నొప్పులు."

వసారాలో చాట చుట్టూ నాన్న, అమ్మ, నేను. అవ్వ మాత్రం గోడకి ఆనుకుని కళ్లు మూసుకుంది. నాకు ఆమె ప్లాన్ అప్పుడు అర్థమైంది. చేతులు నొప్పులు అబద్ధం కాదు, కానీ అసలు కారణం అది కాదు.

పది కాయలు వొలిచా. ఇరవై వొలిచా.

"నాన్నా, ఉద్యోగం తీసేసినారు. నవంబర్‌లోనే. చెప్పలేక చెప్పలే."

అమ్మ చేతిలో కాయ ఆగింది. నాన్నది ఆగలేదు. కాయ చీల్చాడు, గింజలు రాల్చాడు, పొట్టు పక్కన వేశాడు. ఇంకోటి తీశాడు. అలా మూడు కాయలు. నా జీవితంలో అంత పొడుగైన మూడు కాయలు లేవు.

"ఏమన్నా తప్పు చేసినావా?"

"లేదు. చానా మందిని తీసేసినారు."

"అప్పు చేసినావా మాకు తెలీకుండా?"

"లేదు. రెండు నెలల జీతం ఇచ్చినారు. కొంచెం దాచింది ఉంది. నాలుగు నెలలు లోన్ కట్టొచ్చు."

ఆయన తల ఊపాడు. "తోట పీకేసినాక రేటు రెండొందలకి పోతే నేనేం చేసినా? మళ్లీ నారు పోసినా. రేటు పడింది, అంతే కదరా. భూమి పోలేదు కదా" అన్నాడు. తరవాత ఇంకో కాయ వొలుస్తూ, గొంతు కొంచెం మారి, "ఆ పొద్దు నీకు నేను చెప్పలే. తోట పీకిన పొద్దు. నువ్వు అమెరికాలో ఉండావని" అన్నాడు.

అంటే మే నెలలో తోట పీకిన రోజు ఆయనా నాకు చెప్పలేదు. నేను జూలైలో ఫోన్ చేస్తే గానీ తెలీలేదు. దాచడం నాకు ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసింది.

అమ్మ లేచి వంటింట్లోకి పోయింది. కాసేపు చప్పుడు లేదు. కళ్లు తుడుచుకుని, మూడు కాఫీలతో వచ్చి, "ఇంక ఆ హెడ్‌ఫోన్లు పెట్టుకోవద్దు, నేను మెట్లు మామూలుగా ఎక్కుతా" అంది. ముందు నాన్న నవ్వాడు. తరవాత అందరం.

అంతా సుఖాంతం అనుకోకండి. లోన్ లోన్‌లాగే ఉంది. చెల్లి ఫీజు కోసం నాన్న తెలిసినాయన దగ్గర అప్పు తెచ్చాడు, ఆ సంతకం పెట్టేటప్పుడు నేను పక్కనే ఉన్నా. అది మర్చిపోలేను. కానీ రాత్రిళ్లు నిద్ర పట్టడం మొదలైంది. ఇంటర్వ్యూలకి అబద్ధం బరువు లేకుండా చదవగలిగా.

జనవరి మొదట్లో బెంగళూరులో ఒక కంపెనీ మూడో రౌండ్‌కి పిలిచింది. కుప్పం మీదుగా పోదామని బయల్దేరా. అత్తకి అనపగింజలు ఇచ్చి, అక్కడి నుంచి రైలెక్కొచ్చు. మా ఇంటి ఒట్టితునకలన్నీ అత్త ఎండబెట్టి పంపేవే. కుప్పంలో వాటిని 'ఉప్పుకండం' అనేవాళ్లూ ఉన్నారు, తమిళ మాట. ఒక పక్క తమిళనాడు, ఇంకో పక్క కర్ణాటక ఉన్న ఊరు కదా. మా హాస్టల్ మెస్‌లో ఈ గింజ పేరు మీద పెద్ద గొడవే జరిగేది. మేం పితికిపప్పు అంటే, కోలారు వాడు హితకిద బేళె అనేవాడు, క్రిష్ణగిరి వాడు పిదుక్కుపరుప్పు అనేవాడు. మూడింటికీ అర్థం ఒకటే, వేళ్ల మధ్య పెట్టి నొక్కింది అని. ఎవడి పేరుతో పిలిచినా నొక్కక తప్పదు.

అత్తకి సంగతి అప్పటికే చేరిపోయింది. ఏమీ అడగలేదు. స్టీలు డబ్బా నిండా తునకలు పెట్టి, "కడిగి వెయ్యి, ఉప్పెక్కువ" అని మాత్రం చెప్పింది. స్టేషన్ బయట ఒకామె అనపకాయలు పోసి కూర్చుంది. రెండు కిలోలు కొన్నా.

రూమ్‌కి చేరేసరికి రాత్రి ఏడైంది. రూమ్మేట్ చీకట్లో ఫోన్ చూస్తూ పడుకుని ఉన్నాడు. నేను లేని నెలలో వాడి గడ్డం పెరిగింది. మెసేజ్ పెడితే ఒక బొమ్మ తప్ప జవాబు లేదు. ఏమైందని అడిగితే "ఏం లేదు మామా, పని ఎక్కువ" అన్నాడు. ఆ గొంతు నాకు బాగా తెలుసు. పై గదిలో నేను వాడిన గొంతే.

లైట్ వేసి, నేల మీద పాత పేపర్ పరిచి, కాయలు కుమ్మరించా.

"రా, వొలుద్దాం."

"ఇందులో బేకన్ వేస్తావా?"

"లేదురా. నీకు వేరేగా చేస్తా, ఒట్టి పితికిపప్పు. తునకలు నా గిన్నెలోనే."

వాడు బద్ధకంగా లేచొచ్చి ఎదురుగా కూర్చోబోయాడు. నేను కొంచెం జరిగి పక్కన చోటిచ్చా. ఇద్దరం గోడకి ఆనుకుని కాయలు వొలవడం మొదలుపెట్టాం. గదంతా ఆ వాసన. నేనేమీ అడగలేదు. ఐపీఎల్ వేలం గురించి ఏదో అన్నాడు. నేను ఊ కొట్టా. తరవాత చాలాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు.

సగం కుప్ప అయ్యాక, చేతిలో కాయ చీలుస్తూ, తల ఎత్తకుండానే వాడు మొదలుపెట్టాడు.

"మామా, నీకొకటి చెప్పల్ల..."